టీకా మచ్చకు బెత్తెడు పైన
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు నన్ను ఈ సభలో మాటాడుమని కోరినపుడు, పాటకచేరికిని నాటకమునకును నడుమనున్న అరగంట నాదేనని సెలవిచ్చిరి. అట్టి అరగంటలో వక్త మాటలను వినువారు తక్కువయని నేనెరుగుదును. సర్వీసులో నున్నంతకాలము ఆ వేళకు క్యాంటీనువైపు నడచినవారిలో నేనొకడను. అయినను ఒప్పుకొంటిని. ఏలయన, మనలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలమంది అమెరికాలోనున్న పిల్లల యిండ్లకు పోయి, నాలుగైదు మాసములు గడిపి వచ్చుచున్నారు. అచ్చట ఏ అక్టోబరు మాసముననో పిల్లలు మనలను మందుల దుకాణమునకు తీసికొనిపోయి ఫ్లూ టీకా వేయింతురు. అది మంచిపనియే. ఆ మంచిపనిలో నా భార్య ఎడమ భుజమునకు వచ్చిన కష్టమును, దానికై అచ్చటి న్యాయస్థానమున పరిహారము కోరిన విధమును నేడు మీకు విన్నవించెదను.

మొదట ఒక మాట చెప్పవలసి యున్నది. నేను టీకాలకు విరోధిని కాను. మా తరమువారందరి జబ్బమీదను మశూచి టీకా మచ్చ యొకటి కలదు. మన దేశమున మశూచి చివరిసారిగా 1975లో కనబడినది. 1977లో దేశము ఆ వ్యాధినుండి విముక్తి పొందినదని ప్రకటించిరి. మా తల్లిగారి తోబుట్టువులలో ఇద్దరు ఆ వ్యాధికే పోయిరి. ఆ మచ్చ విలువ నాకు తెలియును. పైగా ఈ కథలో ఆ మచ్చకు ఒక పాత్ర కూడ కలదు.

2019 సెప్టెంబరులో మేమిరువురమును న్యూజెర్సీలోనున్న మా అమ్మాయి యింటికి పోయితిమి. ఆ యేడు విజయదశమి అక్టోబరు 8వ తేదీన వచ్చినది. మూడవనాడు, అనగా 11వ తేదీ శుక్రవారము సాయంకాలము, అమ్మాయి మమ్ము ఒక మందుల దుకాణమునకు తీసికొనిపోయినది. అచ్చట టీకా వేయుటకు వైద్యుడే కావలెనను నియమము లేదు. దుకాణములోని ఫార్మసిస్టు వేయవచ్చును. ఆమె పాతికేండ్ల పిల్ల. నవ్వుమొగముతో మాటాడినది. నా చొక్కా చేయి పైకి మడిచి టీకా వేసినది, నాకేమియు కాలేదు. నా భార్య చీర కట్టుకొని, పైన ఉన్ని స్వెట్టరు తొడుగుకొని యుండెను. మన రవికల చేతులు ఎంత బిగువుగా నుండునో ఈ సభలోని స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. అవి పైకి మడువబడవు. అందుచేత ఆ పిల్ల రవిక మెడను ప్రక్కకు లాగి, భుజపు టంచు కనబడినంతమేర దూదితో తుడిచి, తాను నిలుచుండియే సూది గ్రుచ్చినది. మెడ లాగి వేయుటయు, వేయువారు నిలుచుండి వేయించుకొనువారు కూర్చుండుటయు, సూదిని ఉండవలసిన చోటుకంటె పైకి తెచ్చునని మాకు అప్పుడు తెలియదు.

ఆ రాత్రి పడుకొనబోవుచు ఆమె భుజము చూపినది. సూది పడినచోట అంటించిన పట్టీ, చిన్ననాటి టీకా మచ్చకు బెత్తెడు పైన నుండెను.

“ఏమండీ, ఇంత పైన వేస్తారా? చెయ్యి లాగేస్తోంది” అనినది.

“సూది వేస్తే నొప్పి ఉండదా? రెండు రోజులు ఓర్చుకో” అంటిని.

ఇది నేను చేసిన మొదటి పొరపాటు. రెండవది ఇంతకంటె పెద్దది. దానిని తరువాత చెప్పెదను.

టీకా వేసిన చేయి ఒకటి రెండు దినములు సలపరించుట అందరికిని కలుగునదే. ఇది అది కాదు. మన జబ్బమీద డెల్టాయిడు అను ముక్కోణపు కండరము కలదు. టీకా పడవలసినది ఆ కండరపు దళసరి భాగమున. భుజము కొసనున్న ఎముకకు రెండు మూడు వ్రేళ్ల వెడల్పు క్రిందుగా. అంతకు పైన గ్రుచ్చినచో, ఎముక క్రింద కీలు ఒరసికొనకుండ కాపాడు ద్రవపు సంచిలోనికి సూది పోవచ్చును. దానిని బర్సా యందురు. వ్యాధిని ఎదుర్కొనుటకై శరీరమును మేల్కొలుపవలసిన మందు కండరమున పడుటకు మారుగా ఆ సంచిలో పడినచో, శరీరము అచ్చటనే పోరాటము మొదలుపెట్టును. కీలు వాచును; చేయి పైకి లేవదు; కొందరికి నెలల తరబడి భుజము బిగిసిపోవును. 2007లో అమెరికా వైద్యులు ఇట్టి రెండు కేసులను ప్రచురించిరి. 2010లో అచ్చటి ఆరోగ్యశాఖ వైద్యులే తమ యొద్దకు వచ్చిన అర్జీలనుండి పదమూడింటిని పరిశీలించి మరియొక వ్యాసము వ్రాసిరి. టీకాలో నున్న మందుకంటె అది పడిన చోటే దీనికి కారణమని తేలినది. దీనికి వారు పెట్టిన పొడుగు పేరులోని మొదటి యక్షరములను కూర్చి ‘సిర్వా’ యనుచున్నారు. వేయుచున్న టీకాల సంఖ్యతో పోల్చిన ఇది బహు అరుదు. కాని అరుదైనది మన యింటికి వచ్చినపుడు లెక్కల వలన ఓదార్పు కలుగదు.

దీపావళి నాటికి ఆమెకు జడ వేసికొనుట కూడ చేతకాకపోయెను. గుమ్మమునకు తోరణము కట్టబోయి చేయి సగములో నిలిపి, ఎవ్వరును చూడలేదనుకొని, కుడిచేతికి మార్చినది. నేను చూచితిని. చూచియు వైద్యుని యొద్దకు పోదమని అనలేదు. కారణము చెప్పుటకు సిగ్గుగా నున్నది. మేము వెళ్లునపుడు తీసికొన్న బీమా చిన్నది. అమెరికాలో వైద్యుని గడప త్రొక్కిన ఎంత ఖర్చగునో అని నా భయము. అల్లుడుగారి మీద భారము వేయరాదని ఆమె పట్టుదల. ఆడపిల్ల యింట ఉండి తనకు రోగమని చెప్పుకొనుట మన తల్లులకు ఎంత కష్టమో మీరెరుగుదురు. ఇట్లు రెండు మాసములు గడచినవి.

డిసెంబరు 16వ తేదీన తప్పనిసరియై వైద్యుని చూచితిమి. అమ్మాయి ఆఫీసులో నుండుటచేత దుబాసీ పని నాకు పడినది. నొప్పి ఎప్పటినుండి యని ఆయన అడిగెను. నా భార్య తెలుగులో, “టీకా వేసిన రాత్రినుంచీ అని చెప్పండి” అనినది. ఆయన తొందరలో నుండెను. ముప్పది నాలుగేండ్లు లెక్కల తనిఖీశాఖలో పనిచేసిన నేను, పెద్ద విషయమును చిన్నది చేసి చెప్పుట ఒక సామర్థ్యమని నమ్మినవాడను. “కొన్ని వారములుగా” అని ఇంగ్లీషులో చెప్పితిని. ఆయన కంప్యూటరులో అట్లే వ్రాసికొనెను. టీకా మాట ఆ కాగితమున పడనే లేదు. ఒక ఉద్యోగి ఫైలుమీద వ్రాయు మాట ఎంతకాలము బ్రతుకునో ఇతరులకు బోధించినవాడను నేను. ఈ రెండు మాటలు నాలుగు సంవత్సరములకు పైగా బ్రతికినవి.

జనవరిలో ఎం.ఆర్.ఐ. తీయించిరి. బర్సాయందు వాపు కనబడినది. ఆ బిల్లులో చాలభాగము మా బీమావారు చెల్లించలేదు. ఫిబ్రవరి నడుమ ఢిల్లీకి తిరిగి వచ్చితిమి. మార్చి 2వ తేదీనుండి ఫిజియోథెరపీ మొదలుపెట్టితిమి. 25వ తేదీన లాక్‌డౌను వచ్చినది. క్లినిక్కులు మూతపడినవి. ఆ ఫిజియోథెరపిస్టు ధర్మాత్ముడు, ఫోనులో బొమ్మ చూచుచు ఆమెచేత గోడమీద వ్రేళ్లు ప్రాకించుచు, రుమాలుతో చేయి లాగించుచు, నాలుగు దినములకొకసారి “ఈరోజు ఎంతవరకు లేచింది?” అని సందేశము పంపుచుండెను. మేము జవాబు పంపుచుంటిమి. ఆ సందేశములు ఒకనాటికి సాక్ష్యమగునని మేమెవ్వరమును అనుకొనలేదు.

2022 మే నెలలో అమ్మాయితో పనిచేయు ఒక స్త్రీ, తనకును ఇట్లే జరుగగా పరిహారము లభించినదని చెప్పినది. అమ్మాయి ఫోనుచేసి, “నాన్నగారూ, అమ్మ విషయంలో కేసు వేయవచ్చట” అనెను. ప్రక్కనుండి విన్న నా భార్య వెంటనే, “వద్దు. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. నవ్వుతూ మాట్లాడింది పాపం” అనినది.

సభ్యులారా! ఆమె అడ్డుచెప్పిన చోటనే ఈ చట్టపు విశేషమంతయు ఉన్నది. 1980ల దశకమున అమెరికాలో కోరింతదగ్గు కలిసిన టీకామీద దావాలు పెరిగి, తయారీదారులు ఒక్కొక్కరే ఆ వ్యాపారము వదలిపోవుచుండిరి. టీకాలే దొరకవేమోనను భయము పుట్టినది. హాని పొందిన బిడ్డల తల్లిదండ్రులో, ఏండ్ల తరబడి కోర్టులలో నలిగిపోవుచుండిరి. అప్పుడు 1986లో జాతీయ శిశు టీకా హాని చట్టమును చేసిరి. దాని క్రింద పరిహారపు టేర్పాటు 1988 అక్టోబరు 1వ తేదీనుండి పనిచేయుచున్నది. పేరునందు శిశువని యున్నను పెద్దలకును వర్తించును. ఫ్లూ టీకా 2005లో దాని పట్టికలో చేరినది. ప్రతి డోసు మీదను, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను వసూలుచేసి నిధిగా నుంచుదురు. ఫ్లూ టీకాకు 75 సెంట్లు. మూడు వ్యాధులకు ఒకేమారు వేయు టీకాకు రెండు డాలర్ల 25 సెంట్లు. హాని కలిగినవాడు టీకా వేసినవారి మీదగాని తయారుచేసినవారి మీదగాని నేరుగా పోరాదు. మొదట ఈ నిధినుండి కోరవలెను. అర్జీలో ప్రతివాది ఆ దేశపు ఆరోగ్యమంత్రి. ఆ మందుల దుకాణపు పిల్ల పేరు ప్రతివాదిగా ఎక్కడను ఉండదు. ఎవరి తప్పు అని అడుగరు. సూది ఎంత పైన పడినదో నిరూపింపుమని కూడ అడుగరు.

ఈ మాట ఆమెకు రెండుసార్లు చదివి వినిపించితిని. అమ్మాయి చేత మూడవసారి చెప్పించుకొని, అప్పుడు సరేయనినది.

అడుగునది వేరొకటి. భుజపు హానిని 2017 మార్చి 21వ తేదీన చట్టపు పట్టికలో చేర్చిరి. నాలుగు సంగతులు చూపినచో టీకాయే కారణమని చట్టము తానే భావించును. అంతకుముందు ఆ భుజమున నొప్పిగాని బిగువుగాని ఉండి ఉండరాదు. టీకా వేసిన 48 గంటలలో నొప్పి మొదలు కావలెను. నొప్పియు చేయి లేవకపోవుటయు టీకా వేసిన భుజమునకే పరిమితమై యుండవలెను. వేరొక కారణము కనబడరాదు. ఇవికాక బాధ ఆరు మాసములకు మించి నిలిచినదని చూపవలెను. మొదటి బాధ కనబడిన నాటినుండి మూడేండ్లలోపల అర్జీ వేయవలెను. మాకు మిగిలినది అయిదు మాసములు. ఫిర్యాదుదారు ఏ దేశీయుడని చట్టము చూడదు. టీకా ఎక్కడ వేసిరని చూచును. అందుచేత చూచిపోవుటకు వచ్చిన తల్లిదండ్రులు కూడ అర్హులే.

వకీలు రుసుమునకు భయపడితిని. అదియు ఆ నిధియే ఇచ్చును. అర్జీ సద్భావముతోను తగిన ఆధారముతోను వేసినదైనచో, ఓడినను న్యాయాధికారి వకీలునకు రుసుము ఇప్పించవచ్చును. ఆయన కక్షిదారునొద్ద అదనముగా ఒక్క డాలరు తీసికొనరాదు. వచ్చిన సొమ్ములో వాటా అడుగరాదు. ఇట్టి నియమమును చదివినపుడు, ఇందులో ఎక్కడనో మెలిక యుండునని రెండుదినములు వెదకితిని. కనబడలేదు.

ఇక కాగితముల వేట. టీకాకు ముందు మూడేండ్ల వైద్యపత్రములు కూడ కావలెననిరి. ఆమె భుజము పూర్వము బాగుగానే యుండెనని చూపుట కొకటి. మధుమేహమున్నదేమో చూచుట కొకటి. మధుమేహము గలవారికి భుజము తనంతట తానే బిగిసిపోవుట కలదు. మనవారిలో ఆ వ్యాధి మెండు గనుక, అది యున్నచో వేరొక కారణమున్నదని వాదింతురు. అదృష్టవశమున ఆమెకు చక్కెర లేదు. ఏటేట చేయించిన పరీక్షల చీటీలన్నియు నా బీరువాలో వరుసగా నున్నవి. ఫిజియోథెరపీ రసీదులు ఉన్నవి. కాని ఢిల్లీలో చూచిన ఎముకల వైద్యుడు ఇచ్చిన చీటీపై తేదీ లేదు. తేదీ లేని ఓచరును నా సర్వీసులో ఎన్నింటిని త్రోసివేసితినో! అదే న్యాయము నా యింటికి వచ్చినది. ఆ క్లినిక్కులో పాత రోగుల వివరములు ఉంచరట. మూడుసార్లు తిరిగి, చీటీతో వచ్చిన మందుల బిల్లు మీది తేదీతో సరిపెట్టుకొంటిమి.

అర్జీ 2022 సెప్టెంబరులో, గడువునకు మూడు వారముల ముందు, దాఖలైనది. అది వాషింగ్టనులోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ అను న్యాయస్థానమునకు పోవును. అచ్చట ఈ కేసులను విచారించుటకు స్పెషల్ మాస్టర్లను న్యాయాధికారులు ఉందురు. చట్టప్రకారము ఎనమండుగురికి మించరాదు. భుజపు కేసులు పట్టికలో చేరిన తరువాత వచ్చు అర్జీలలో సుమారు సగము అవియే. అందుచేతనే 2020లో ఆ దేశపు ఆరోగ్యశాఖ, ఇవి టీకావలన కాక సూది వేసిన తీరువలన కలుగునవి గనుక పట్టికనుండి తొలగింపవలెనని ప్రతిపాదించినది. 2021 జనవరిలో అట్లే నియమమును ప్రకటించిరి. ప్రభుత్వము మారినపిమ్మట ఏప్రిలులో దానిని రద్దుచేసిరి. మా చీటీలు బీరువాలో ఊరక పడియున్న ఆ కాలముననే ఆ తలుపు మూయబడబోయి ఆగినదని తరువాత తెలిసి, నాకు వెన్నులో చలి పుట్టినది.

ప్రభుత్వపు న్యాయవాదులు రెండు ఆక్షేపణలు తెలిపిరి. మొదటిది, 2020 ఏప్రిలు 11 నాటికి ఆరు మాసములు నిండవలెను. కాని మార్చి 24 తరువాత వైద్యుని చూచిన దాఖలా లేదు. కనుక బాధ అప్పటికే తగ్గియుండవచ్చును. దీనికి ఫిజియోథెరపిస్టు సందేశములు అక్కరకు వచ్చినవి. ఏప్రిలు 9న, 18న, మే 6న పంపినవి తేదీలతో సహా ఉన్నవి. “చెయ్యి చెవిదాకా వచ్చింది, పైకి రావడం లేదు” అని ఏప్రిలు 18 నాటి జవాబు. అది హిందీలో నుండుటచేత ఇంగ్లీషు అనువాదము జతపరచితిమి. లోకమంతయు తలుపులు మూసికొన్నదని స్పెషల్ మాస్టరునకు ఎవ్వరును వివరింపనక్కర లేకపోయెను.

రెండవ ఆక్షేపణ నా మాట. “కొన్ని వారములుగా”. 48 గంటలలో మొదలైనదని వైద్యుని కాగితమున లేదు. పైగా తొమ్మిది వారముల తరువాతగాని వైద్యుని చూడలేదు. ఇంత నొప్పియున్న మనిషి రెండుమాసములు ఊరకుండునా?

చట్టములో ఇటువంటివారి కొఱకే ఒక వాక్యము కలదు. కేవలము ఫిర్యాదుదారు మాట మీద, వైద్యపత్రముగాని వైద్యాభిప్రాయముగాని లేకుండ, పరిహారమీయరాదని ఒకచోట చెప్పుచునే, మరియొకచోట, మొదటి బాధ కనబడిన కాలము కాగితమున వ్రాయబడకపోయినను, తప్పుగా వ్రాయబడినను, అది ఆ గడువులోనే కలిగినదని ఇతర సాక్ష్యమువలన స్పెషల్ మాస్టరు నిర్ణయింపవచ్చునని చెప్పినది. ఆఫీసు జీవితమంతయు కాగితమే సత్యమనుకొన్న నాకు, ఒక దేశపు శాసనసభ కాగితము తప్పవచ్చునని ముందుగానే ఊహించి వ్రాసినదని చదివినపుడు ఆశ్చర్యము కలిగినది.

అప్పుడు మేము ముగ్గురమును ప్రమాణపత్రములు వ్రాసితిమి. నోటరీ ముద్ర కూడ అక్కరలేదు. అసత్యమైనచో అమెరికా చట్టప్రకారము శిక్షకు లోనగుదునని వ్రాసి సంతకముచేసిన చాలును. నా భార్య తన పత్రములో టీకా మచ్చను గూర్చి వ్రాయించినది. స్థలము నిరూపింపనక్కరలేదని వకీలు చెప్పినను, ఉండనిండు అనినది. అమ్మాయి, 12వ తేదీ ఉదయము తల్లి రవిక హుక్కులు పెట్టుకొనలేక తనను పిలిచినదని వ్రాసి, అదే దినము బెంగుళూరులోనున్న తమ్మునికి పంపిన సందేశమును జతచేసినది: “అమ్మకి టీకా వేసిన చెయ్యి రాత్రంతా నొప్పి, నిద్ర లేదు.” ఆ ఒక్క వాక్యము మా మూడు పత్రములకంటె ఎక్కువ పనిచేసినదని నా నమ్మకము, ఏలయన, వ్రాసినపుడు దానికి ఏ ప్రయోజనమును లేదు.

నా పత్రమును నాలుగుసార్లు చింపి వ్రాసితిని. వకీలు, “భాష తెలియనందున పొరపాటు కలిగినది” అని వ్రాయవచ్చుననిరి. అది నిజము కాదు. నాకు ఇంగ్లీషు చక్కగా వచ్చును. ఆ భాషలోనే ముప్పది నాలుగేండ్లు ఇతరుల తప్పులు పట్టితిని. “నా భార్య టీకా వేసిన రాత్రినుండి యని స్పష్టముగా చెప్పినది. అది ముఖ్యము కాదనుకొని నేను ఆ మాటను వదలివేసితిని. రెండుమాసములు వైద్యునియొద్దకు తీసికొనిపోకపోవుటకు కారణము ఖర్చు” అని వ్రాసి సంతకముచేసితిని. తపాలాలో వేయకముందు ఆమెకు చదివి వినిపించితిని. ఆమె ఏమియు అనలేదు. లేచి పోయి కాఫీ తెచ్చినది.

2024 ఏప్రిలులో, నొప్పి 48 గంటలలోనే మొదలైనదని స్పెషల్ మాస్టరు నిర్ణయించిరి. వైద్యుని కాగితమునకు బలమెక్కువయే గాని, రోగి నోట వచ్చినమాట మారుతీరున అందులో పడినదని తక్కిన సాక్ష్యము చూపుచున్నదనిరి. సొమ్ము సంగతి ఉభయ పక్షములును ఒప్పందముచేసికొని తేల్చిరి. బాధకుగాను రెండున్నర లక్షల డాలర్లకు మించి ఈయరాదని చట్టపు హద్దు. మాకు వచ్చినది అందులో చిన్న భాగము. శస్త్రచికిత్స అవసరము కానివారికి ఇట్టి నిర్ణయములలో కనబడునంతయే. ఎం.ఆర్.ఐ. ఖర్చు వేరుగా చెల్లించిరి.

మీలో కొందరు అడుగబోవు ప్రశ్నలకు ముందే చెప్పుదును. పెద్దవారికి వేయు టీకాలన్నియు ఆ పట్టికలో లేవు. ఒడలిమీద నిప్పుకణికలవలె పొక్కు జోస్టరు వ్యాధికి వేయు టీకా లేదు. దానికి మామూలు కోర్టే గతి. కోవిడ్ టీకాలకు వేరొక ఏర్పాటు. దాని గడువు టీకా వేసిననాటినుండి ఒక్క సంవత్సరమే. వకీలు రుసుము ఈయరు. బాధకు వెల కట్టరు. న్యాయస్థానపు విచారణ లేదు. నియమములు మారుచుండును గనుక, అవసరమైనవారు నాటికి అమలులోనున్న పట్టికను చూచుకొనవలెను. మన దేశమున ఇట్లు జరిగినచో ఏమి త్రోవయని మొన్న ఒక మిత్రుడు అడిగెను. డబ్బు పుచ్చుకొని వేసిన ఆసుపత్రియైనచో వినియోగదారుల కమిషనునకు రెండేండ్లలోపల పోవచ్చును. వైద్యసేవ ఆ చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995లో చెప్పియున్నది. అందరికిని పూర్తిగా ఉచితముగా చేయుచోట మాత్రము వర్తింపదు. అయితే అక్కడ సేవాలోపమును నిరూపింపవలెను. అనగా ఆ సూది వేసిన పిల్ల తప్పు చేసినదని మన నోటితో మనము చెప్పవలెను. నా భార్య దానికి ఒప్పుకొని యుండునని నేననుకొనను.

ఆమె ఇప్పుడు మూడవ వరుసలో కూర్చుండి, ఈ సంగతులన్నియు సభలో ఏల చెప్పుచున్నాడాయని నావంక చూచుచున్నది. చేయి చాలవరకు లేచును. జడ తానే వేసికొనుచున్నది. వంటయింటి పై అలమారలోని ఆవకాయ జాడీ మాత్రము 2020లో క్రింది అరకు దిగి, అచ్చటనే యున్నది. 2021లో కోవిడ్ టీకాకు పోవునపుడు ఆమె దర్జీచేత వదులు చేతుల రవిక యొకటి కుట్టించుకొన్నది. అది తొడుగుకొని పోయి, కూర్చుండి, టీకా వేయు నర్సును కూడ ఎదుట స్టూలు మీద కూర్చుండబెట్టి, కుడిజబ్బమీద తన వ్రేళ్లతో చోటు కొలిచి చూపి వేయించుకొన్నది. తరువాత ఏటేట ఫ్లూ టీకాకును అదే రవిక. మా అమ్మాయి అత్తగారు వచ్చే మాసమున అమెరికాకు పోవుచున్నారు. నిన్ననే ఆ రవికను ఆది క్రింద ఆమెకు పంపితిమి.